ఏ మకిలి కడిగితే పోతుంది?

ఫోర్ వీల్ జీపు ముందు చక్రం వెనకాల గుండ్రటి ఇనప హౌసింగు ఉంటుంది. దాని లోపల జాయింటు. చక్రం ఎటు తిరిగినా ఇంజను బలం ఆగకుండా అందేది ఆ జాయింటు వల్లే. కొన్నిట్లో క్రాసు ఉంటుంది, కొన్నిట్లో ఆరు ఉక్కు గుండ్లు. ఘాటీల్లో తిరిగే బళ్లకి బురదా ఇసకా నీళ్లూ సీలు దాటి లోపలికి పోతాయి.

సాలూరు లారీల ఊరు. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసే దాకా మా విజయనగరం జిల్లాదే. అక్కడ షెడ్డులో మా తమ్ముడు మెకానిక్కు. చక్రం, డ్రమ్ము, హబ్బు, స్పిండిలు వరసగా విప్పి యాక్సిల్ బయటికి లాగుతాడు. గుండ్లు ఒక్కొక్కటే తీసి కిరసనాయిల్లో కడుగుతాడు. ఏ గాడిలో గుండు ఆ గాడిలోనే పెడతాడు, కలిసి అరిగినవి కదా. గ్రీజు పాలలా తెల్లబడితే నీళ్లు పోయినట్టు. తళుకుమంటే ఉక్కు అరుగుతున్నట్టు.

"పైన తుడిసీసి ఒగ్గీస్తే ఏటవుద్దన్నియ్యా? లోపలున్న ఇసక గుండ్లని తినీస్తాది" అంటాడు.

మోచేతుల దాకా నల్లటి గ్రీజు. అయినా అందరూ "మేస్త్రీ" అని పిలుస్తారు.

మాది రెల్లి వీధి. మాయమ్మ మునిసిపాలిటీలో కాలవలు తీసింది. సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కునే టీ కొట్టుకి వెళ్లేది. గ్లాసు మాత్రం వేరే. నిజానికి గ్రీజు కంటే కాలవ మట్టే తొందరగా వదులుతుంది. మరి ఏ మకిలి కడిగితే పోతుంది? ఏది పోదు?

మెకానిక్కుది పనితనం, పాకీపనిలో ఏముందీ అంటారు చదువుకున్నవాళ్లు. కాలవ నీటి రంగూ వాసనా చూసి ఎక్కడ పూడిందో అమ్మ చెప్పీది. "మూత తీసీసి గబుక్కున దిగకూడదర్రా, లోపల గేసుంటాది" అనీది. గ్రీజు రంగు చూసి చెప్పడం విద్య అయితే ఇదేమిటి?

ఆ గ్రీజైనా అందరికీ ఒక్కటి కాదు. ఓసారి జీపు ఓనరొకాయన తమ్ముడి పనికి మురిసిపోయి "మీదే వీధి?" అనడిగాడు. చెప్పాడు. అంతే, బండి తాళం తుడిచి ఇమ్మని పక్కనున్న ఇంకో కుర్రాడికి పురమాయించాడు. ఆ కుర్రాడి చేతులకీ అదే గ్రీజు! ఆయన తుడవమన్నది మా వీధి పేరుని.

కులం పనుల్నే కాదు, పనిచేసేవాళ్లనే విడగొట్టిందని అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో రాశాడు. పాకీపనిని ఆపాలని 1993లో ఒక చట్టం వచ్చింది, 2013లో ఇంకొకటి వచ్చింది. మురుగు గోతుల్లో చచ్చిపోయినవాళ్ల కుటుంబాలకి 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. చావుకిచ్చే డబ్బు పెరిగింది. గోతిలోకి దిగమని పిలుపొచ్చేది ఇప్పటికీ మా వీధులకే.

శ్రమని గౌరవించండి అంటారు పెద్దలు. అది పైపై తుడుపు. చీపురుకి దండం పెట్టి మళ్లీ మా చేతికే ఇస్తే ఆ గౌరవం ఎవడిక్కావాలి? పుట్టుకకీ పనికీ మధ్యనున్న బిగింపు విప్పాలి. మురుగులోకి మనిషి బదులు యంత్రం దిగాలి. మిగతా ఊడుపూ కడుగుడూ అన్ని కులాల చేతులూ చెయ్యాలి.

నేను బడిపంతుల్ని గనక ఒక్క మాట అడుగుతాను. మీ ఊరి బడికి వెళ్లి చూడండి. పొద్దున్నే చీపురు ఏ వీధి పిల్లల చేతికిస్తున్నారు?