శాస్త్రాల మధ్య గోడలు ఎవరు కట్టినవి?

విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం ఒక భవనంలో, భాషాశాస్త్రం ఇంకో భవనంలో ఉండటం పాలనా సౌకర్యం కోసమా, లేక లోకమే అలా విడివిడిగా ఉందా అన్నది తత్త్వశాస్త్రంలో పాత ప్రశ్న. ఒక శాఖ విద్యార్థి మరో శాఖలోకి వెళ్లి పరిశోధించడానికి భృతి ఇచ్చే ప్రతి ఫెలోషిప్పూ, పైకి చెప్పకపోయినా, గోడలు మనుషులు కట్టినవేనని నమ్ముతుంది. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో హార్వర్డ్‌లోని సొసైటీ ఆఫ్ ఫెలోస్ చరిత్రలో కొంత తెలుస్తుంది.

హార్వర్డ్ అధ్యక్షుడిగా ఎ. లారెన్స్ లోవెల్ దిగిపోయిన 1933లోనే ఇది మొదలైంది. పీహెచ్‌డీ పద్ధతి తెలివైనవాళ్లను ఒకే మూసలో పోస్తోందని ఆయన ఫిర్యాదు. అందుకే జూనియర్ ఫెలోలకు మూడేళ్లు భృతి ఇచ్చి, తరగతులూ పరీక్షలూ లేకుండా తోచింది చదువుకోనిచ్చారు. బయటి నిధులు రాకపోవడంతో లోవెల్ సొంత డబ్బు పెట్టాడు, అది తనదని అప్పట్లో చెప్పుకోలేదు. ఫెలోలు సోమవారం రాత్రి పెద్దలతో కలిసి భోంచెయ్యడం మాత్రం ఆనవాయితీ. పథకం మొత్తంలో ఎక్కువ ఫలించింది బహుశా ఈ భోజనాలే.

1934లో అలాంటి ఒక విందులో యువ మనస్తత్వవేత్త బి. ఎఫ్. స్కిన్నర్‌కు తత్త్వవేత్త ఎ. ఎన్. వైట్‌హెడ్ పక్కన చోటు దొరికింది. మనిషి ప్రవర్తననంతా శాస్త్రీయంగా వివరించవచ్చని స్కిన్నర్ ఉత్సాహంగా వాదించాడు. భాషను మినహాయిస్తే సరేనన్నాడు వైట్‌హెడ్. ఈ బల్ల మీద నల్లతేలు ఏదీ పడటం లేదని తానిప్పుడు అంటే, ఆ మాట ఎందుకన్నాడో వివరించమని సవాలు విసిరాడు. లేని తేలు ఎవరినీ ప్రేరేపించదు కదా! మర్నాడే స్కిన్నర్ జవాబు మొదలుపెట్టాడు. ‘వెర్బల్ బిహేవియర్’ పుస్తకంగా అది బయటికి వచ్చేసరికి 1957 అయింది. రెండేళ్లకే భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ దాని పునాదినే తప్పుపడుతూ సమీక్ష రాశాడు. ఆయనా 1951 నుంచి 1955 దాకా ఇక్కడి ఫెలోనే. అంటే శాఖలు కలిసినచోట పుట్టింది ఒప్పందం కాదు, పదునైన తగాదా.

థామస్ కూన్ 1948లో ఫెలోగా చేరినప్పుడు భౌతికశాస్త్ర విద్యార్థి. దొరికిన తీరికలో పియాజే రాసిన శిశు మనస్తత్వశాస్త్రం, లుడ్విక్ ఫ్లెక్ అనే పోలిష్ వైద్యుడి పుస్తకం లాంటివి చదివాడు. ఆ చదువుల ప్రభావాన్ని 1962 నాటి తన గ్రంథం ముందుమాటలో ఒప్పుకున్నాడు. రెండు శాస్త్ర సంప్రదాయాలను ఒకే కొలబద్దతో పూర్తిగా కొలవలేమన్నది ఆయన సిద్ధాంతం. 1953లో చేరిన జీవశాస్త్రవేత్త ఇ. ఓ. విల్సన్ సరిగ్గా ఎదురుదారి పట్టాడు. జ్ఞానమంతా చివరికి ఒక్కటేనని 1998లో ‘కన్సీలియన్స్’ అనే పుస్తకమే రాశాడు.

విల్సన్ ఆశకు గట్టి అడ్డంకిని తత్త్వవేత్త జెర్రీ ఫోడర్ 1974లోనే చూపించాడు. డబ్బు అంటే కాగితం కావచ్చు, గవ్వలు కావచ్చు, బ్యాంకు పద్దులో అంకె కావచ్చు. వీటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న భౌతిక ధర్మం ఏదీ లేదు, అయినా డబ్బు గురించి ఆర్థిక సూత్రాలు ఉన్నాయి. అలాంటప్పుడు ఆర్థికశాస్త్రాన్ని భౌతికశాస్త్రంలోకి కరిగించడం కుదరదు. ఈ వాదం గోడలన్నీ సహజమని నిరూపించదు గానీ, కొన్ని గోడలు కార్యాలయాలు కట్టినవి కావని ఒప్పించడానికి చాలు.

సంస్కృత శాస్త్ర సంప్రదాయం ఈ చిక్కును వేరేగా పరిష్కరించుకుంది. మెతుకుసీమకు చెందిన కోలాచలం మల్లినాథసూరికి పదవాక్యప్రమాణ పారంగతుడని పేరు. అంటే వ్యాకరణం, మీమాంస, న్యాయం మూడింటా దిట్ట. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసేటప్పుడు ఆయన ఈ శాస్త్రాలను పనిముట్లుగా వాడాడే తప్ప కావ్యాన్ని వ్యాకరణంగా మార్చలేదు. సరిహద్దును చెరపకుండానే దాటే పద్ధతి ఇది. జ్ఞానం ఒక్కటా, అనేకమా అన్నది తేలకపోయినా దీనికి ఇబ్బంది లేదు.

తేలని చిక్కు మరొకటి ఉంది. రెండు శాఖల మధ్య రాసిన సిద్ధాంత వ్యాసాన్ని ఎవరు దిద్దాలి? చెరో శాఖ నుంచి ఒక పరీక్షకుడిని పిలిస్తే ఇద్దరూ తమ సగమే చూస్తారు, ఆ రెండూ అతికినచోటు ఎవరి కంటా పడదు. లోవెల్ ఫెలోల నుంచి సిద్ధాంత వ్యాసమే అడగలేదు కాబట్టి సొసైటీ ఆఫ్ ఫెలోస్‌కు ఈ సమస్య ఎదురుకాలేదు.