స్పర్శ తెలియని చోటు

2022 మార్చి 20, లెంటు దినములలో మూడవ ఆదివారమున, బోధన్ పట్టణమందు శివాజీ విగ్రహస్థాపన విషయమై రెండు వర్గములు ఎదురెదురుగా నిలిచి, రాళ్లు రువ్వుకొని, లాఠీలు లేచి, కడకు 144వ సెక్షనుచే వీధులు నిశ్శబ్దములు కాగా, ఆ సాయంకాలము నిజామాబాదులోని మా యింట కుటుంబ ప్రార్థనలో శాంతికొరకు వేడుకొంటిమి. వేడుకొని, కర్తవ్యము తీరెనని నిద్రించితిమి. ఏ పక్షమునకును చెందని అల్పసంఖ్యాకులమగు మాకు తొలగియుండుటయే శాంతి యని తోచినది. కాని ప్రార్థనయు మాటాడుటయే గదా! వినుటకు త్వరయు మాటకు జాగును విధించిన యాకోబు పత్రికను ఏండ్లకొలది చదివియు, ఆ క్రమమును మేము తలక్రిందులు చేసితిమి.

అట్టివేళల నాకు డిచ్‌పల్లి జ్ఞప్తికి వచ్చును. వెస్లియన్ మిషనుకు చెందిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్, నర్సాగౌడ్ అను హిందూ దాత ద్రవ్యసాహాయ్యముతో, ముస్లిము ప్రభువగు నిజాము రాజ్యమున, 1915లో అచట కుష్ఠురోగులకు ఆసుపత్రి నెలకొల్పిరి. ఆ వ్యాధి తొలుత బాధ పెట్టదు. బాధ తెలియు శక్తినే హరించును. అందుచేత వైద్యుడు మచ్చను మెల్లగా తాకి, “తెలియుచున్నదా?” యని యడిగి, రోగి చెప్పువరకు వేచియుండును. చికిత్సకు ఆ వేచియుండుటయే ఆరంభము.

ఊళ్లకును ఇట్టి తిమ్మిరి పట్టును. బోధన్‌లో 1937లో స్థాపితమై, శక్కర్‌నగర్ అను పేటకే పేరు తెచ్చిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడినప్పుడు, చెరకు రైతు నష్టమును, కార్మికుని పస్తును ఏ మతమని యడిగి రాలేదు. ఇరువర్గముల యిండ్లను ఒకే నొప్పి సోకినను, ఒకరి మూలుగు వేరొకరి చెవిని పడలేదు.

అల్లరి సద్దుమణిగిన పిమ్మట, ఆ ఫ్యాక్టరీలో పనిచేసిన యొక వృద్ధుని వాకిట కూర్చుంటిని. ఆయన ఏ వర్గమువాడో చెప్పను. చెప్పినచో చదువరి ఆయన మాట విడిచి వర్గమునే వినును. ఓదార్పు వాక్యమొకటి సిద్ధము చేసికొని పోయితిని గాని, ఆయన గంటసేపు చెప్పినను దానికి చోటు దొరకలేదు. లేచునప్పుడు ఆయన, “మల్ల రా బిడ్డా” అనెను. నేనేమియు చెప్పకయే నాకు ఆ పిలుపు లభించినది.

కావున చదువరీ, శాంతివచనములు పలుకుటకు ముందు పొరుగువాని గడపను చేరి, “ఎక్కడ నొప్పి?” యని యడుగుము; అడిగిన పిదప ఊరకుండుము.