జెముడు: తపస్వియా, గృహస్థుడా?

ముళబాగిలు దాటి పలమనేరువైపు పోవు బాటలో, ఆంధ్రసీమ పొలిమేరకు దాపున నున్న నంగలి ప్రాంతమున, బండరాతి గుట్టల నెరియలలోను చేల గట్లమీదను, వాన కురిసినను కురియకున్నను తమకేమియు పట్టనట్లు నాగజెముడు, బొంతజెముడు, కిత్తనార, నల్లేరు పచ్చగా నిలిచియుండుట చూచినవారికి, ఇవి తపస్సు చేయుచున్నవన్న భావము సహజముగనే పొడమును. ఏడాది పొడవునను పారు నది యొక్కటియు లేని ఈ కోలారు జిల్లాలో అట్టి ప్రాణి పూజ్యముగా దోచుట వింత గాదు. కాని ఆ పచ్చదనము త్యాగమువలన గలిగినదా, సంయమమువలన గలిగినదా యనునది విచారింపదగిన ప్రశ్న. ఏలన, ఈ రెండును ఒక్కటి గావు.

కరవును దాటుటకు మొక్కలకు మూడు మార్గములు గలవు. గట్టుమీది గడ్డి తొలకరికి మొలిచి, పదును ఆరకమునుపే వెన్ను వేసి, గింజ రాల్చి తాను నశించును. మోదుగ ఎండలు ముదురకముందే ఆకంతయు విడిచి మోడై నిలుచును, సర్వసంగపరిత్యాగమన్నచో అదియే. జెముడు ఈ రెంటిలో దేనిని చేయదు. వాన పడిననాడు, పైమంటిలోనే దూరముగా ప్రాకిన వేళ్లతో దొరికిన నీటినెల్ల త్రాగి, మందమైన కాండమున నిలువచేసికొని, మీద మైనపుపూత కప్పుకొనును. నాగజెముడున మనము ఆకులనుకొను పలకలు కాండములే, ఆకులు ముండ్లైనవి. కనుక ఇది సన్యాసి గాదు, కూడబెట్టి కాపురము చేయు గృహస్థు.

ఐనను ఆ గృహస్థుని నిష్ఠ సామాన్యము గాదు. ఆహారము తయారుచేసికొనుటకు మొక్కకు బొగ్గుపులుసు వాయువు కావలెను. దానిని లోనికి రానిచ్చు రంధ్రములగుండనే లోని నీరు ఆవిరియై పోవును. తక్కిన మొక్కలలో పెక్కు పట్టపగలు ఆ ద్వారములు తెరచి నీటిని వ్యయపరచుచుండ, జెముడు రాత్రి చల్లబడిన పిమ్మట తెరచి, వాయువును ఆమ్లరూపమున దాచి, ప్రొద్దెక్కునంతలో మూసి, సూర్యకాంతితో ఆ నిలువనే ఆహారముగా మార్చుకొనును. సామర్లకోట కుంపిణీ తోటలోను, పిదప బెంగుళూరు లాల్‌బాగులోను పనిచేసిన బెంజమిన్ హైనే యను వృక్షశాస్త్రజ్ఞుడు, ఉదయమున చుక్కకూరవలె పుల్లగా నున్న, ఇదే పద్ధతి గల రణపాల ఆకే మధ్యాహ్నమునకు రుచి గోల్పోయి, సాయంకాలమునకు కొంచెము చేదగుట గమనించెను. 1815లో లండను లిన్నెయన్ సొసైటీ సంపుటమున ఆ పరిశీలన ప్రకటితమైనది. రాత్రి కూడిన పులుపు పగటివేళ ఖర్చగుటయే ఆ రుచిభేదమునకు గారణము.

గీత రెండవ అధ్యాయమున, సర్వభూతములకు రాత్రియైనదానియందు సంయమి మేల్కొనియుండునని చెప్పిన మాట యిచ్చట జ్ఞప్తికి రాకమానదు. నిగ్రహమనగా ఇంద్రియద్వారములను శాశ్వతముగా బిగించుటయే యని తలచువారు గలరు. కాని రేయింబవళ్లు తన ద్వారములు మూసియుంచిన జెముడు కొంతకాలము ప్రాణము నిలుపుకొనునే కాని యెదుగదు. ఎప్పుడు తెరువవలయునో యెఱుగుటయే నిగ్రహము. నెమ్మదియైన ఎదుగుదల ఆ నిగ్రహమునకు జెముడు చెల్లించు వెల.

ఐతే నిలువ యున్నచోట భయముండును. ఎండిన నేలలో నీరు నిండిన దేహము ప్రతి పశువునకును ఆశ పుట్టించును. కావుననే నాగజెముడు ముండ్లు దాల్చినది, బొంతజెముడు కంటిలో బడినచో చూపునకే ముప్పు తెచ్చు పాలు నింపుకొన్నది. యోగశాస్త్రము అహింసతోపాటు అపరిగ్రహమును యమములలో నేల చేర్చెనో దీనివలన తేటపడును: దాచినవాడు కాచుకొనవలెను, కాచుకొనువాడు గ్రుచ్చవలెను.

మొక్కకు వేరు దారి లేదు గనుక దానిని నిందింపరాదు. మనుష్యునికి గలదు. ఈ సీమ పెద్దలు నీటిని ఊరి చెరువున దాచిరి. పై చెరువు నిండి మొరవపోయిన నీరు క్రింది చెరువునకు జేరు గొలుసుకట్టు కోలారు జిల్లాయం దంతటను గలదు. ఆ నిలువకు కట్ట కావలసెను గాని ముండ్లు కావలసిరాలేదు. పిదప ఎవరి చేనిలో వారు బోరు వేసికొనుట మొదలై, 1000 అడుగులు దాటినను తడి తగులని కాలము వచ్చినది. పొరుగువాని బోరు తన బోరునకు శత్రువైనది. జెముడు తన దేహములోని నీటికే ముండ్లు పెట్టుకొన్నది. మనము అందరి క్రింద నున్న నీటికి ఒక్కొక్కరము పెట్టుకొంటిమి. వేళ యెఱిగి వ్యయము చేయుట మనము జెముడునుండి నేర్వదగును. నిలువ చేయుటకు మాత్రము గురువు చెరువే.