ఆమె ఆయనను తోటమాలి అనుకొనెను
ధ్యాన భాగములు: ప్రసంగి 2:4–11, యాకోబు 5:4, యోహాను 20:11–16



ప్రసంగి తాను చేసిన ఘనకార్యములను లెక్కించుచు తోటలను కూడ ఆ లెక్కలో చేర్చెను. ఫలవృక్షములు నాటించెను, వాటికి నీరు పారుటకు చెరువులు త్రవ్వించెను. పిమ్మట అదంతయు చూచి, వ్యర్థమని పెదవి విరిచెను.

అట్టి తోటలు ప్రతి కాలమందును లేచినవి. ఇటలీ దేశమున కోమో సరస్సు ఒడ్డున టొలొమెయో గాల్లియో అను కార్డినలు 1568లో విలాసగృహమును, తోటను ఏర్పరచుకొనెను. కొండవాలును మెట్లుగా కోసి, చెట్లను బారులు తీర్చి, నీటిని పైనుండి దుమికించుట ఆ దినములలో గొప్పవారి వేడుక. 1873 నుండి అది విల్లా దెస్తె అను హోటలు. కట్టించినవాడు సంఘములో పెద్దయే. ఆయనకు తీర్పు తీర్చుట మన పని కాదు. మన చేతులు చూచుకొనుటకే మనకు ప్రొద్దు చాలదు.

మన హైదరాబాదులోని ఫలక్‌నుమా మాట మీలో కొందరు వినియుందురు. నవాబు వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేయించి, పల్లాడియో అను పూర్వపు ఇటలీ శిల్పి రీతిని కొండమీద దానిని కట్టించెను. ఆ పేరునకు ఆకాశమువంటిదని అర్థము. ఖర్చు ఆయన తాహతును మించెను. కొన్ని యేండ్లకే అది ఆరవ నిజాము వశమాయెను. ఆ నిజాము 1911లో అక్కడనే కన్నుమూసెను. 2010 నుండి అదియు హోటలే.

ఈ నవాబుల కథలు రావులపాలెము వారికెందుకందురా? గౌతమి వంతెన దాటి, జొన్నాడ మీదుగా కడియపులంకకు పోయి చూడుడి. ఎన్నో పట్టణముల హోటళ్లకును మేడలకును మొక్కలు అక్కడనుండి లారీలమీద పోవుచున్నవి. ఎఱ్ఱమట్టిలో పశువుల ఎరువు కలిపి సంచులు నింపువారు, అంట్లు కట్టువారు, తెల్లవారుజామున అన్నపు క్యారేజీతో ఆటో దిగువారు, వీరిలో మన సంఘబిడ్డలును ఉన్నారు.

అక్కడ మన సహోదరి ఒకతెను పలుకరించితిమి. “ఈ మొక్కలు పెద్ద పెద్ద హోటళ్లకెళ్తాయంటండి, అయ్యగారండీ. మా గుమ్మం ముందు ఒకటి పాతుకుందామంటే జానెడు నేల లేదండి,” అని నవ్వెను. కొంతసేపటికి, నవ్వు మాని, మూడు వారముల కూలి రావలసియున్నదని చెప్పెను. ఎవరివద్దనని అడిగితిమి. ఆమె చెప్పిన మేస్త్రీ మన సంఘస్థుడే. మొన్నటి కోతపండుగలో అందరికంటె పెద్ద కానుక ఇచ్చినవాడు. ఆ పేరు వేదికమీద నుండి బిగ్గరగా చదివినది మేమే; అందరిచేత చప్పట్లు కొట్టించినదియు మేమే.

బిగబట్టిన కూలి మొఱ్ఱపెట్టునని యాకోబు వ్రాసెను. ఆ మొఱ్ఱ దేవుని చెవిని చేరుచుండగా మేము చప్పట్లతో దానిని కప్పివేసితిమి గదా!

ఆ రాత్రి యోహాను సువార్త చదువుచుండగా ఒక మాటయొద్ద ఆగిపోతిమి. పునరుత్థాన దినమున మగ్దలేనే మరియ ప్రభువును చూచి రాజనుకొనలేదు, తోట యజమానుడనుకొనలేదు, తోటమాలి అనుకొనెను. అంత ప్రొద్దున తోటలో ఉండువాడు పనివాడే గదా. మహిమాస్వరూపి ఆ పొరపాటునకు నొచ్చుకొనలేదు, ఆమెను పేరుపెట్టి పిలిచెను. ఇకమీదట కడియపులంక త్రోవను పోవునప్పుడు తెల్లవారుజామున ఆటో దిగువారిని మునుపటివలె చూడజాలము.

మరునాడు మేస్త్రీ యింటికి పోతిమి. నర్సరీవారు తనకును ఇయ్యలేదని ఆయన మొదట అనెను. అది కొంత నిజమే. అయితే కానుకకు సొమ్ము ఎక్కడిదని అడుగగా తల వంచుకొనెను. సంఘపెద్దలతో ఆలోచించి ఆ కానుకను తిరిగి ఆయన చేతిలోనే పెట్టితిమి. ఆ వారములోనే రెండు వారముల కూలి అందరికిని ముట్టెను. మూడవది ఇంకను రావలసియున్నది.

ఈ సంగతి చెప్పుటకు పోయినప్పుడు ఆ సహోదరి మొదట అడిగిన మాట ఇది: “నా పేరు చెప్పలేదు కదండీ?”

చెప్పలేదంటిమి. ఆమె మరల మట్టి సంచులయొద్ద కూర్చుండెను.