తీరికవేళ

మన యువజనులకుఁ దీరిక లేదని వాపోవుచుందుము. తీరిక యున్నది, అది వారి చేతికిఁ జిక్కుటలేదు. 2020వ సంవత్సరము జూన్ 29వ తేదీన మన దేశమున టిక్‌టాక్ నిషేధింపఁబడెను. జూలై 8వ తేదీననే ఇన్‌స్టాగ్రాము రీల్సును దెచ్చెను. వీధితలుపు మూయఁగా దొడ్డితలుపు తెఱచుకొనెను!

పుస్తకమునకుఁ గడపటి పుట యున్నది, నాటకమునకు మంగళమున్నది. ఈ బొమ్మల వరుసకు వ్రేలు నొచ్చుటయే ముగింపు. గంటసేపు చూచి లేచిన యువకుని "ఏమి చూచితివి నాయనా?" యని యడిగినచోఁ జెప్పలేఁడు. వానిని నిందింప మనకు నోరేది? ప్రార్థనాకాలమునందును మన చేతులు జేబులోని ఫోనును దడవుచున్నవి గదా! ఏమియుఁ జేయక తనతోఁ దాను గూర్చుండుట యెట్లో వానికి మనము చూపినవారము గాము.

రేపు సాయంకాలము ఫోనులను వేఱొక గదిలోనుంచి, పిల్లలతోఁగూడఁ బావుగంట వసారాలో మౌనముగాఁ గూర్చుందము. మొదటిదినమున మనకే యెక్కువ కష్టముగా నుండును.