పాటిదిబ్బ

పాడుపడిన ఊళ్ళను తవ్వుకునేవాళ్ళ మీద నాకు కోపం. అది ఎందుకో మాత్రం తేలడం లేదు. లంకెబిందెలకు పాము కాపలా ఉంటుందని, తవ్వినవాడి వంశం నిలవదని నేను నమ్మను. ఆ భయాలు ఏ దిబ్బనూ కాపాడలేదు.

చట్టం మాట ఎత్తినా మనసు ఒప్పదు. మట్టిలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలన్న చట్టం 1878లో వచ్చింది. 1876లో మొదలైన ధాత కరువు దెబ్బ నుంచి మా కర్నూలు సీమ అప్పటికింకా తేరుకోలేదు. మనుషులను నిలబెట్టుకోలేని సర్కారు, వాళ్ళు వదిలిన మట్టిలో విలువైనది దొరికితే తనకు చెప్పమంది.

మా చేలగట్టున ఒక పాటిదిబ్బ ఉంది, ఆ కరువులో పాడుపడిన ఊరిది. వరసకు బావయ్యే కౌలురైతు ఒక ఎండాకాలం మెటల్ డిటెక్టరు అద్దెకు తెచ్చాడు. నేనూ వెంట వెళ్ళాను. నేలకు ఆనీ ఆనకుండా ఊపుతూ నడుస్తుంటే అడుగడుక్కీ కూతే. జానెడు లోతు తవ్వితే ఎద్దు నాడా వచ్చింది. తుప్పుకు ఉబ్బిపోయింది. మేకుల కన్నాలు మట్టితో పూడినా ఆనవాలు తెలుస్తోంది. ఎద్దు గిట్ట చీలి ఉంటుంది కాబట్టి కాలికి రెండేసి రేకులు కొడతారు. దీని జత రేకు దొరకలేదు. ఒకవైపు అంచు బాగా అరిగి ఉంది. ఆ ఎద్దు కాలు ఈడ్చి నడిచేదేమో. "ఏం చూస్తావులే బావా, ఇనుమే" అని దాన్ని అవతలికి విసిరేసి, ఇనుముకు కూయకుండా యంత్రం మీట తిప్పాడు. ఆ తర్వాత దిబ్బ పలకలేదు.

సేద్యగాళ్ళ ఊళ్ళో ఇనుము కాక ఏముంటుంది? కర్రు, కొడవలి, బండిచక్రం పట్టా. వెండి ఏమన్నా ఉంటే కరువులో ముందు అదే అమ్ముకొని ఉంటారు. వాళ్ళ బతుకంతా ఇనుములోనే ఉంది, దాన్నే పలకొద్దన్నాడు. తవ్వడం కాదు, ఏరుకోవడమే తప్పు, నా కోపం దానిమీదే అనుకున్నాను.

మరి మా తాత సంగతేమిటి? ఏటా ఆ దిబ్బ నుంచే బండ్లకొద్దీ పాటిమన్ను తోలి చేలకు వేశాడు. బూడిద, పేడ, ఎముకలు కలిసి మాగిన మన్ను. జొన్న ఏపుగా వచ్చేది. బావ తవ్వింది నాలుగు గుంటలు. తాత సగం ఊరినే తోలేశాడు. ఏ పెంకు ఏ ఇంటిదో, ఏ నాడా ఏ కొట్టంలోదో ఇక ఎవరూ చెప్పలేరు. పురావస్తు శాఖవాళ్ళు చూస్తే ముందు తాతనే తప్పుపడతారు. నాకు మాత్రం ఆయన మీద కోపం రాదు.

ఆయన ఏరలేదు, ఉన్నదంతా తెచ్చి పంటకే ఇచ్చాడని సర్దిచెప్పుకున్నాను. ఆ ఊరివాళ్ళూ తమకన్నా పాత దిబ్బను అలాగే చేలకు తోలుకొని ఉంటారు కదా అనుకున్నాను. వినడానికి బాగుంది గానీ ఈ వాదన నిలవదు. బావ వెతికిందీ సేద్యం అప్పు తీర్చడానికే. కరువుకు ఊరు విడిచినవాళ్ళు తిరిగొస్తే, తమవాడని గుర్తుపట్టేది అతన్నే, నాడా పట్టుకొని నిలబడ్డ నన్ను కాదు. ఇనుముతో ఏం పని నాయనా, వెండి ఉందేమో చూసుకో అనే అంటారు. అలా అంటారని తెలిసినా, ఆ మీట తిప్పినందుకు వచ్చిన కోపం నాకింకా తగ్గలేదు.