ఛాయాచిత్రం: సాక్ష్యమూ, బాధ్యతా

ఛాయాచిత్రం అబద్ధమాడదన్న మాటను మనలో చాలామంది పరీక్షించకుండానే ఒప్పుకున్నాం. కవి అతిశయోక్తి చెప్పవచ్చు, చిత్రకారుడు లేని రంగు పూయవచ్చు. కెమెరా మాత్రం తన ముందు వున్నదాన్నే పట్టుకుంటుంది గనుక అది సత్యమే చెబుతుందని ఈ వాదం. ఇందులో సగం నిజం వుంది. ప్రమాదం కూడా ఆ సగం నిజంలోనే వుంది. కెమెరా ముందున్నది వున్నమాటే. కాని కెమెరాను అక్కడ నిలబెట్టినదెవరు, ఎవరికి చూపడానికి, ఆ చట్రానికి అవతల ఏముంది అన్న సంగతులు బొమ్మలో కనపడవు. సమాజాన్ని అర్థం చేసుకోవాలనుకునేవాడికి కావలసినవి సరిగ్గా ఆ కనపడని సంగతులే.

అందుచేత ప్రశ్న ఇది: తోటి మనిషి దురవస్థను చూపే ఫొటో చూసినప్పుడు మనకు కలిగే బాధ జ్ఞానమా, లేక వట్టి ఉద్రేకమా? ఆ బాధ పడినందువల్ల మన బాధ్యత తీరుతుందా, అక్కడ మొదలవుతుందా?

మన గడ్డకు సంబంధించిన ఉదాహరణతోనే మొదలుపెడదాం. 1876–78 మధ్య దక్షిణదేశాన్ని కాల్చివేసిన కరువును రాయలసీమ ప్రజలు తరతరాలుగా ధాత కరువని చెప్పుకున్నారు. అరకోటికి పైగా మనుషులు పోయారని చరిత్రకారుల అంచనా. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లా జనంలో దాదాపు నాలుగోవంతు తగ్గిపోయింది. ఆ కాలంలో మద్రాసు సైన్యంలో అధికారిగా వున్న విలోబీ వాలెస్ హూపర్ కరువు బాధితులను ఫొటోలు తీశాడు. ఎముకలగూళ్లయిన పురుషులను, స్త్రీలను, పిల్లలను పెళ్లిలో గ్రూపు ఫొటోకు కూచోబెట్టినట్టు వరసగా కూచోబెట్టి తీశాడు. ఆ బొమ్మల్లో మనిషి వున్నాడు, ఆకలి వుంది. ఆకలికి కారణం లేదు. కరువు ముదురుతున్న 1877 జనవరి 1న ఢిల్లీలో లిట్టన్ ప్రభువు విక్టోరియాను చక్రవర్తినిగా చాటుతూ జరిపిన దర్బారు లేదు. రిచర్డ్ టెంపుల్ సలహా మీద కరువు పనుల్లో కూలివాడి తిండిని రోజుకు ఒక పౌను గింజలకు కుదించిన ఉత్తరువు లేదు. జనం రాలిపోతున్నా ఆగని ధాన్యం ఎగుమతులు లేవు. ఇవేవీ లేకుండా చూస్తే కరువు వానదేవుడి అపరాధంగానే కనపడుతుంది. ఏలినవాడికి కావలసినదీ అదే.

ఇదే హూపర్ మీద 1886లో మరో ఆరోపణ వచ్చింది. బర్మాను ఆక్రమించిన కొత్తలో మాండలేలో ఖైదీలను కాల్చి చంపే సమయంలో, తుపాకులు పేలే క్షణాన్ని ఫొటోలో పట్టడానికి ఆయన ఆ తతంగాన్ని నిలిపి వుంచాడన్నది ఆ ఆరోపణ. విచారణ జరిగింది, శిక్ష కూడా పడింది. ఒక వ్యక్తి క్రూరత్వంగా దీన్ని కొట్టిపారేయటం సులభం. నిజానికి, ఎదుటి మనిషి మీద సంపూర్ణాధికారం వున్న వర్గం చేతిలో కెమెరా ఏమవుతుందో ఈ ఉదంతం చూపుతున్నది. చావు కూడా ఆ కెమెరా సౌకర్యం కోసం ఆగవలసి వచ్చింది.

అయితే కెమెరా పాలకుడి పనిముట్టు మాత్రమేనా? కాదు. 1943లో బెంగాలు క్షామమే దీనికి జవాబు. కలకత్తా వీధుల్లో శవాలు పడివున్నా, కరువు అన్న మాటను అధికారికంగా ప్రకటించడానికి ప్రభుత్వం సిద్ధపడలేదు. ఆ ఆగస్టు 22న ‘స్టేట్స్‌మన్’ పత్రిక సంపాదకుడు అయాన్ స్టీఫెన్స్ ఆ వీధుల ఫొటోలు అచ్చువేశాడు. అది తెల్లవారి పెట్టుబడితో నడిచే పత్రిక. అయినా వార్తలు దాటలేని గోడను బొమ్మలు దాటాయి. అదే రోజుల్లో, కలకత్తాలో చదువుకుంటున్న సునీల్ జానా అనే యువకుణ్ణి కమ్యూనిస్టు పార్టీ ప్రధానకార్యదర్శి పి.సి. జోషి తన వెంట కరువు ప్రాంతాలకు తీసుకుపోయాడు. జానా తీసిన ఫొటోలు ‘పీపుల్స్ వార్’లో వెలువడి, దేశం నలుమూలలా విరాళాలను, ఆగ్రహాన్ని కూడగట్టాయి. హూపర్ కెమెరాకూ జానా కెమెరాకూ మధ్య భేదం యంత్రంలో లేదు. ఒకటి అధికారం ప్రజలను చూసిన చూపు, రెండవది ప్రజల పక్షాన నిలబడి ప్రజలకు చూపిన చూపు.

ఇక్కడితో ఆగితే మన పని సుఖంగా ముగుస్తుంది. కాని నిజాయితీ కొంచెం ముందుకు పొమ్మంటుంది. ఆనాడు పార్టీ యుద్ధాన్ని ప్రజాయుద్ధంగా భావించి బలపరుస్తున్నది. అందుచేత ఆ ఫొటోల పక్కన అచ్చయిన వ్యాఖ్యల్లో దొంగనిల్వల వర్తకుడు పెద్దగానూ, కరువుకు దారితీసిన యుద్ధప్రభుత్వ విధానం చిన్నగానూ కనపడ్డాయన్న విమర్శ వుంది. ఆ విమర్శను తోసిపుచ్చలేం. ప్రజల పక్షాన నిలబడినంత మాత్రాన మన వ్యాఖ్య దానంతటదే సత్యం కాదు. బొమ్మను ప్రశ్నించినంత గట్టిగా బొమ్మ కింద మనం రాసే మాటనూ ప్రశ్నించుకోవాలి.

క్రుప్ప్ కర్మాగారం ఫొటో ఆ కర్మాగారాన్ని గురించి దాదాపు ఏమీ చెప్పదని బ్రెహ్ట్ అభిప్రాయం. గోడలు, పొగగొట్టాలు పడతాయి గాని కార్మికుడికీ యజమానికీ మధ్య వున్న సంబంధం ఫొటోలో పడదు. ఇందుకే ఆయన పత్రికల్లో వచ్చిన యుద్ధచిత్రాల కింద నాలుగేసి పంక్తుల పద్యాలు రాసి 1955లో పుస్తకంగా తెచ్చాడు. ఫొటోను చదవటం కూడా నేర్చుకోవలసిన విద్యేనని దాని భావం.

కొందరు మిత్రులు మరో కొసకు పోతారు. దీనుల ఫొటోలు తీయటమే దోపిడీ అనీ, అసలు తీయకూడదనీ వారి వాదం. ఈ వాదానికి బలం లేకపోలేదు. 1936లో కాలిఫోర్నియాలో బఠాణీ కోత కూలీల మకాంలో డొరొతియా లాంజ్ తీసిన వలసతల్లి చిత్రం ప్రపంచప్రసిద్ధం. ఆ ఫొటో పత్రికలో పడ్డాక ప్రభుత్వం ఆ మకాంకు ఆహారం పంపింది; అప్పటికే ఆ తల్లి బిడ్డలతో అక్కణ్ణుంచి వెళ్లిపోయింది. ఆమె ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో, నలభై రెండేళ్ల తర్వాత. ఆ బొమ్మ వల్ల తనకు ఒక్క దమ్మిడీ రాలేదని ఆమె బాధపడింది. కాని ఇందువల్ల తేలేదేమిటి? ఫొటో తీయకపోతే మిగిలిన కూలీలకు ఆ ఆహారం కూడా వచ్చేది కాదు. తప్పు తీయటంలో లేదు. మనిషిని బొమ్మగా వుంచుకుని మనిషిగా మరచిపోవటంలో వుంది.

2020 మే 8న ఔరంగాబాదు దగ్గర రైలుపట్టాల మీద పదహారుమంది వలసకార్మికులు గూడ్సుబండి కింద నలిగిపోయారు. లాక్‌డౌన్‌లో పని పోయి, స్వస్థలాలకు నడిచిపోతూ, అలసి పట్టాల మీద నిద్రపోయినవారు. పట్టాల మధ్య చెదిరిపడిన రొట్టెల ఫొటో దేశమంతా చూసింది. ఫోను నుంచి ఫోనుకు పంపాం, కంట తడిపెట్టాం, కవితలు కూడా రాశాం. ఇంతకుముందు ఆ మనుషులు ఎక్కడ వున్నారు? మన నగరాలు కడుతూ, మన కళ్ల ముందే వున్నారు. పని చేసినన్నాళ్లూ కనపడనివాడు చచ్చాక ఫొటోలో కనపడ్డాడంటే, ఆ ఫొటో అతన్ని గురించి కంటే మనల్ని గురించే ఎక్కువ చెబుతున్నది.

ఇతరులను గురించి ఇంత చెప్పాక నా సంగతి చెప్పకపోవటం న్యాయం కాదు. మా యింట్లో ఒక పాత ఫొటో వుంది. మా ముత్తాత కొత్తగా కొన్న ఒంగోలు ఎడ్లజత పక్కన కర్ర పట్టుకుని నిలబడి వుంటాడు. ఎడ్ల పగ్గాలు పట్టుకుని మరో మనిషి వుంటాడు. నిరుడు గ్రామీణ జీవితం పాఠం చెబుతూ ఆ ఫొటోను తరగతిలో చూపించాను. ఎడ్ల పేర్లు రాముడు, లక్ష్మణుడు అని కూడా చెప్పాను; మా యింట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక విద్యార్థిని లేచి, “పగ్గాలు పట్టుకున్నాయన పేరేమిటి సార్?” అని అడిగింది.

నాకు తెలియదు. మా నాన్నకూ తెలియదు. నాయనమ్మనడిగితే “పాలేరు” అన్నది. పేరేమిటని మళ్లీ అడిగాను. “పాలేరేరా” అని మళ్లీ అన్నది. వర్గసమాజాన్ని గురించి పదేళ్లుగా పాఠాలు చెబుతున్న నేను, చిన్ననాటి నుంచీ చూస్తున్న ఫొటోలో ఆ ప్రశ్న ఒక్కసారీ అడగలేదు.

ఊరికి పోయి విచారించాను. మాలపల్లెలో ఒక ముసలాయన పోలికను బట్టి, ఫలానా ఇంటివాడై వుంటాడన్నాడు. ఫొటోకు నకలు తీయించి ఆ యింటికి తీసుకుపోయాను. వారి దగ్గర తమ పెద్దల ఫొటో ఒక్కటీ లేదు. ఆ యింటి యజమాని చాలాసేపు చూసి, “ముఖం సరిగా పడలేదండీ” అన్నాడు. నిజమే. ఫొటో తీసినవాడు ఎడ్లు బాగా పడేట్టు చూసుకున్నాడు.

ఫొటో సమాజాన్ని చూపుతుందంటే ఈ అర్థంలోనే చూపుతుంది. ఎవరి ముఖం మీద వెలుగు పడిందో, ఎవరి పేరు నిలిచిందో, ఎవరు అంచుకు నెట్టబడ్డారో ఆ కాగితం దాచుకోలేదు, అడిగితే చెబుతుంది. అడగటం మన పని. ఇది తీసినదెవరు, చూపుతున్నదెవరు, ఈ స్థితికి కారకులెవరు, ఇందులోని మనిషికీ నాకూ సంబంధమేమిటి అని అడిగినప్పుడు జాలి జ్ఞానంగా మారుతుంది. నాలుగో ప్రశ్నే అన్నిటికంటే కష్టమైనది, ఎందుకంటే చాలాసార్లు జవాబు మన యింటి గోడ మీదనే వేలాడుతూ వుంటుంది.